గుడ్ ఫ్రైడే బన్నులు మన వంటింట్లో

శ్రమకాలపు దినాలు చివరికొచ్చాయి. మట్టల ఆదివారం గడిచింది. శుక్రవారం మందిరాల్లో ఏడు మాటల ఆరాధన ఉంటుంది. ఆదివారం చీకటితోనే లేచి పునరుత్థాన పండుగ ఆరాధనకు వెళతాం. ఈస్టరు వంట అంటే మన ఇళ్లలో ఆ ఆదివారం మధ్యాహ్న భోజనమే గుర్తొస్తుంది. కానీ అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు తినడానికంటూ ఒక రొట్టె ఉంది. అరచేతిలో ఇమిడేంత గుండ్రని బన్ను. లోపల ఎండుద్రాక్ష, నారింజ తొక్క ముక్కలు, దాల్చినచెక్క, జాజికాయ. పైన తెల్లటి సిలువ గుర్తు. దీన్ని హాట్ క్రాస్ బన్ను అంటారు. పుట్టిల్లు ఇంగ్లండు. ఈ పూట దాని కథ కొంత చెప్పి, మన వంటింట్లో మన ఎండల్లో దాన్ని ఎలా కాల్చుకోవాలో వివరంగా చెబుతాను.

ఇది ఇంట్లో చేసుకోవలసిన బన్ను అని నా గట్టి నమ్మకం. కొనుక్కుంటే తప్పని కాదు. చేసుకుంటే దక్కేదంతా కొనుక్కుంటే దక్కదు. ఆ మాట ఎందుకంటున్నానో చెబుతాను.

లండనుకు ఉత్తరాన సెయింట్ ఆల్బన్స్ అనే ఊరుంది. ఒకప్పుడు అక్కడ పెద్ద మఠం ఉండేది. 1361లో థామస్ రోక్లిఫ్ అనే సన్యాసి గుడ్ ఫ్రైడే నాడు మసాలా వేసిన చిన్న రొట్టెలు కాల్పించి, మఠం వాకిట్లోకి వచ్చిన బీదలకు పంచాడని ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటారు. ఇప్పటికీ అక్కడి కెథడ్రల్‌లో శ్రమకాలపు రోజుల్లో ఆల్బన్ బన్నులు దొరుకుతాయి. వాటి మీద సిలువ పిండితో గీసింది కాదు, కాల్చే ముందు కత్తితో పెట్టిన గాటు. యాలకుల కుటుంబానికే చెందిన ఒక ఆఫ్రికా గింజను దంచి అందులో కలుపుతారు. ఈ బన్నుకు మూలం అదేనా కాదా అన్న వాదన నాకు అంత ముఖ్యం కాదు. మొదటి కథలోనే అది ఆకలితో వచ్చినవాళ్ల చేతిలో పడింది, అది నాకు ముఖ్యం.

తర్వాత 1592లో మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో ఒక చిత్రమైన ఉత్తర్వు వచ్చింది. లండను బజార్ల మీద అజమాయిషీ చేసే అధికారి దాన్ని జారీ చేశాడు. మసాలా వేసిన రొట్టెలు, బన్నులు బజారులో అమ్మకూడదు. మూడు సందర్భాలకు మాత్రం మినహాయింపు: ఎవరింట్లోనైనా అంత్యక్రియలు, గుడ్ ఫ్రైడే, క్రిస్మస్. ఆజ్ఞ మీరితే సరుకు జప్తు చేసి బీదలకు పంచేస్తారు. అప్పటికి ఇంగ్లండు రోము పోపుగారి సంఘం నుంచి విడిపోయింది. సిలువ గుర్తున్న రొట్టెలో పాత ఆచారాల ఛాయ కనిపించి, దాన్ని అనుమానంగా చూసేవాళ్లు ఉండేవారు. మసాలా దినుసులేమో ఖరీదైన సరుకు.

ఆ ఉత్తర్వులో నాకు నచ్చేదొకటుంది. అది ఆపింది అమ్మకాన్ని. ఇంట్లో కాల్చుకోవడం మీద దానికి అధికారం లేదు. ఏడాదిలో మిగతా రోజుల్లో బజారులో కనిపించని రొట్టెకు ఇల్లే ఆశ్రయం. ఇక అనుమతించిన ఆ మూడు సందర్భాలూ చూడండి: ఒక మరణం, క్రీస్తు మరణం, క్రీస్తు జననం. మసాలా రొట్టె ఎంత బరువైన రోజులకు చెందిందో ఆ నిషేధమే చెబుతోంది.

పద్ధెనిమిదో శతాబ్దానికి ఇది ఇంగ్లండులో అందరి ఇళ్లకూ చేరింది. 1733 నాటి ఒక పంచాంగంలో ఈ బన్నుల ప్రస్తావన ఉంది. ఇంగ్లీషు నిఘంటువు కూర్చిన శామ్యూల్ జాన్సన్ పేరు మీరు వినే ఉంటారు. 1773 ఏప్రిల్ 9 గుడ్ ఫ్రైడే. ఆ ఉదయం జాన్సన్‌తో కలిసి టీ, సిలువ బన్నులు తీసుకుని, ఆయనతో పాటు సెయింట్ క్లెమెంట్ డేన్స్ చర్చికి వెళ్లానని ఆయన జీవిత చరిత్ర రాసిన బాస్వెల్ నమోదు చేశాడు. అంత మహా పండితుడు కూడా ఆ పొద్దున అందరిలాగే అదే బన్ను తిని చర్చిలో కూర్చున్నాడు. చెల్సీలో ఒక బన్నుల దుకాణం ఉండేది, రాజకుటుంబం వాళ్లూ అక్కడికి వచ్చేవారు. గుడ్ ఫ్రైడే నాడు దాని ముందు జనం విరగబడేవారు. 1839లో ఆ కట్టడాన్ని పడగొట్టేశారు.

ఈ బన్ను చుట్టూ నమ్మకాలు కూడా చాలానే అల్లుకున్నాయి. గుడ్ ఫ్రైడే నాడు కాల్చిన బన్ను ఏడాదంతా బూజు పట్టదనేవారు. ఒకటి దారానికి గుచ్చి వంటింటి దూలానికి వేలాడదీసేవారు. ఇంట్లో ఎవరికైనా కడుపునొప్పి వస్తే దాన్ని కాస్త తురిమి నీళ్లలో కలిపి ఇచ్చేవారు. ఓడ ఎక్కేవాళ్లు వెంట తీసుకుపోయేవారు. తూర్పు లండనులోని బ్రామ్లీ బై బో పేటలో "విధవరాలి కొడుకు" అనే అర్థం వచ్చే పేరుతో ఒక మద్యశాల ఉంది. నావికుడిగా సముద్రం మీదికి వెళ్లిన ఒక్కగానొక్క కొడుకు ఈస్టరుకు వస్తానన్నాడట. తల్లి అతని కోసం ఒక బన్ను తీసి పెట్టింది. అతను రాలేదు. ఆమె ఆ బన్నును తీయనివ్వలేదు, మరుసటి ఏడాది దాని పక్కన ఇంకొకటి చేర్చింది, అలా బతికినంత కాలమూ. ఆ ఇల్లున్న చోటే ఈ మద్యశాల కట్టారని చెబుతారు. గుడ్ ఫ్రైడే నాడు ఒక నావికుడు వచ్చి, పైకప్పుకు వేలాడే వల సంచిలో కొత్త బన్ను వేసే ఆచారం అక్కడ ఏర్పడింది. కథ ఎంతవరకు నిజమైనా, బిడ్డ వాటా తీసి పక్కన పెట్టే తల్లి మనకు తెలియని మనిషేమీ కాదు.

బూజు పట్టదన్న నమ్మకానికి కొంత ఆధారం లేకపోలేదు. ఎండుద్రాక్షలో ప్రోపియానిక్ ఆమ్లం సహజంగానే కొద్దిగా ఉంటుంది. బేకరీల్లో రొట్టెకు బూజు పట్టకుండా కలిపే పదార్థం ఆ ఆమ్లానికి సంబంధించిన లవణమే. దానికి తోడు లవంగం, దాల్చినచెక్క. పొయ్యి వేడికి ఎండి గట్టిపడిన చిన్న బన్ను చాలాకాలం నిలిచి ఉంటుంది. ఏడాది పాటు ఉంచి చూడమని మాత్రం మీకు చెప్పను.

ఇప్పుడు ఆ మసాలాల సంగతి. బన్నులో పడే జాజికాయ ఇండోనేషియాలోని బందా దీవులది. లవంగం దానికి పొరుగున ఉన్న మొలక్కా దీవులది. ఇంగ్లండులో ఈ రెండూ పెరగవు. పదిహేడో శతాబ్దం మొదట్లో డచ్చి వ్యాపారులు, వాళ్ల వెనకే 1611లో ఇంగ్లీషు వ్యాపారులు మన మచిలీపట్నంలో దిగారు. వాళ్లకు అక్కడేం పని? ఆ దీవుల్లో జనం వెండి నాణేల కన్నా మన బట్టలను ఎక్కువగా కోరుకునేవారు. చిరివేరు రంగు అద్దిన ఎర్రటి బట్టలు, అద్దకపు చీటీ బట్టలు కృష్ణా తీరంలో కొని, ఓడల్లో తూర్పు దీవులకు తీసుకుపోయి, వాటికి బదులుగా జాజికాయ, లవంగం తెచ్చుకునేవారు. ఆ సరుకు అక్కడి నుంచి లండను, ఆమ్‌స్టర్‌డామ్ చేరేది. అంటే ఆ రోజుల్లో ఇంగ్లండు వంటింట్లో రొట్టె మీద జాజికాయ తురిమిన ఇల్లాలికి ఆ కాయ దొరకడంలో మన నేతగాళ్ల, అద్దకంవాళ్ల చెమట కూడా ఉంది. ఈ సంగతి తెలిశాక ఆ బన్నును పరాయి వంటకం అనడం నాకు చేతకాలేదు.

ఇంగ్లీషువాళ్లు వెళ్లిన చోటికల్లా ఇదీ వెళ్లింది. జమైకాలో అది నల్లబెల్లపు పాకంతో పెద్ద రొట్టెగా మారింది. ఈస్టరుకు దాన్ని కోసి మధ్యలో చీజ్ ముక్క పెట్టుకుని తింటారు. 1902లో మొదలైన నాహూమ్స్ అనే యూదుల బేకరీ కలకత్తా న్యూ మార్కెట్‌లో ఉంది, గుడ్ ఫ్రైడేకి అక్కడ ఈ బన్నుల కోసం జనం బారులు తీరతారు. యూదులు నడిపే దుకాణంలో క్రైస్తవుల రొట్టెను అన్ని మతాలవాళ్లూ కొనుక్కుపోతారు. మన దగ్గరికి ఈ బన్ను దండు బజార్ల వెంట, రైల్వే కాలనీల వెంట వచ్చింది. సికింద్రాబాద్ కంటోన్మెంటు, లాలాగూడ, కాజీపేట, బిట్రగుంట, గుంతకల్లు లాంటి చోట్ల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఉండేవి. సికింద్రాబాద్‌లో కొన్ని బేకరీలు ఈ వారంలో ఇప్పటికీ వీటిని కాలుస్తాయి. లండను, మెల్‌బోర్న్ నగరాల్లో ఉంటున్న మన పిల్లలకైతే ఈ బన్ను బాగా పరిచయం. అక్కడి పెద్ద దుకాణాల్లో కొత్త సంవత్సరం వస్తూనే అరల్లో ఇవి వరుసగా పేర్చి ఉంటాయి, చాక్లెట్ వేసినవి కూడా. నాకది మింగుడు పడదు. ఒక్క రోజు కోసం పుట్టిన రొట్టెను మూడు నెలల ముందు నుంచీ తింటూ ఉంటే, ఆ రోజు వచ్చేసరికి నాలుకకు కొత్తేముంటుంది? సంక్రాంతి అరిసెలు ఏడాదంతా ప్యాకెట్లలో దొరుకుతున్నా, ధనుర్మాసం చలిలో పాకం పట్టిన ఇంటి అరిసెకే మన ప్రాణం లేచి వస్తుంది కదా.

ఇక చేతులు కడుక్కుందాం. గురువారం సాయంత్రం మొదలుపెట్టండి.

ముందు నారింజ తొక్క. బేకరీలో దొరికే టూటీ ఫ్రూటీ దయచేసి వేయకండి. అది రంగు, పంచదార పట్టించిన పచ్చి బొప్పాయి, దానికి సొంత రుచి లేదు. రెండు కమలాపండ్ల తొక్క చాలు. లోపలి తెల్లటి పీచు వీలైనంత గీకి, సన్నగా తరిగి, నీళ్లలో ఐదు నిమిషాలు ఉడికించి ఆ నీళ్లు పారబోయండి. అలా మూడుసార్లు చేస్తే చేదు పోతుంది. తర్వాత తొక్కకు సమానంగా పంచదార, అది మునిగేన్ని నీళ్లు పోసి, తొక్క అద్దంలా మెరిసే వరకు సన్నని సెగ మీద ఉంచండి. బత్తాయి తొక్క కన్నా కమలా తొక్కకు సువాసన ఎక్కువ. ఇది రెండు రోజుల ముందే చేసి సీసాలో పెట్టుకోవచ్చు. మిగిలిన పాకం పారబోయకండి, చివర్లో దానికో పని ఉంది.

ఎండుద్రాక్ష 150 గ్రాములు. పచ్చ కిస్మిస్ సగం, నల్లవి సగం అయితే బాగుంటుంది. వాటిని వేడి టీ డికాషన్‌లో గానీ, ఆ కమలాపండ్ల రసంలో గానీ ఒక గంట నానబెట్టి, వడగట్టి, బట్ట మీద ఆరబెట్టండి. ఎండుగా వేస్తే అవి పిండిలోని తడినంతా పీల్చేసుకుంటాయి, బన్ను మర్నాటికే పొడిపొడిగా అయిపోతుంది.

మసాలా. ఒకటిన్నర చిన్న చెంచాల దాల్చినచెక్క పొడి, పావు చెంచా జాజికాయ తురుము, అర చెంచా ధనియాల పొడి, అర చెంచా శొంఠి పొడి, నాలుగు లవంగాలు. ధనియాలంటే ఆశ్చర్యపోకండి, ఇంగ్లండువాళ్లు ఈ మసాలాలో ధనియాలు వేస్తారు. వేయించకుండా పచ్చివే పొడి చేస్తే నారింజకు దగ్గరైన వాసన వస్తుంది. పొడి ప్యాకెట్టు కొనే బదులు ఇంట్లో ఉన్న చెక్క, లవంగం అప్పటికప్పుడు రోట్లో దంచండి.

ఈ దంచే దగ్గర ఒక్క నిమిషం ఆగుతాను. లూకా సువార్త ఇరవై మూడో అధ్యాయం చివర చూడండి. యేసు దేహాన్ని సమాధిలో ఉంచడం కళ్లారా చూసిన గలిలయ స్త్రీలు ఆ శుక్రవారం సాయంత్రం ఇంటికి తిరిగివెళ్లారు. వెళ్లి సుగంధ ద్రవ్యాలు, పరిమళ తైలాలు సిద్ధం చేశారు. ఆ మర్నాడు విశ్రాంతి దినం, ఆజ్ఞ ప్రకారం కదలకుండా ఉన్నారు. ఆదివారం తెల్లవారుతుండగా వాటిని తీసుకుని బయల్దేరారు. శిష్యుల్లో ఎక్కువమంది చెదిరిపోయిన ఆ సాయంత్రం, ఆ ఆడవాళ్లు దుఃఖంలో చేతులకు పని చెప్పారు. ఏడుస్తూనే నూరి ఉంటారు. బన్నులోని మసాలా ఆ సుగంధ ద్రవ్యాలకు గుర్తు అని చాలామంది చెబుతారు. పుస్తకాల్లో ఆ మాట చదివినప్పటి కన్నా, రోట్లో లవంగం నలిగి వాసన పైకి లేచినప్పుడు అది నాకు ఎక్కువగా అర్థమవుతుంది. కొనుక్కుంటే దక్కదన్నది దీన్నే. ఇంట్లో పిల్లలుంటే దంచే పని వాళ్లకు అప్పజెప్పి, వాళ్లు దంచుతుండగా ఆ కథ చెప్పండి.

పిండికి వద్దాం. మైదా అర కిలో. బ్రెడ్డు పిండి అని విడిగా దొరికితే అది ఇంకా మంచిది, అందులో మాంసకృత్తు ఎక్కువ కాబట్టి బన్ను బాగా పొంగుతుంది. పంచదార 75 గ్రాములు, ఉప్పు ఒక చిన్న చెంచా నిండుగా, ఇన్‌స్టంట్ ఈస్టు ఒకటిన్నర చిన్న చెంచాలు, అంటే దాదాపు 5 గ్రాములు. ఒక గుడ్డు. పాలు 220 మిల్లీలీటర్లు. గుడ్డు వద్దనుకుంటే ఇంకో 50 మిల్లీలీటర్ల పాలు పోయండి. ఉప్పు లేని వెన్న 60 గ్రాములు.

ఇంగ్లండు వంట పుస్తకాలన్నీ పాలు గోరువెచ్చగా ఉండాలంటాయి. అక్కడి వసంతపు చలికి అది సరైన మాట. మన ఏప్రిల్‌లో వంటిల్లు 35 డిగ్రీలు దాటుతుంది. పిండి ముద్ద 26, 27 డిగ్రీల దగ్గర ఉంటే ఈస్టు కుదురుగా పనిచేస్తుంది. అంతకు మించి వేడెక్కితే గబగబా పొంగి, పులిసిన కల్లు వాసన వేసి, లోపల పెద్ద పెద్ద కన్నాలు పడతాయి. అందుకే కాచి చల్లార్చిన పాలను ఫ్రిజ్‌లో పెట్టి, చల్లగానే పోయండి. పాలన్నీ ఒకేసారి పోయకుండా నాలుగు చెంచాలు ఆపుకోండి, మైదా ఒక్కో రకం ఒక్కోలా పీలుస్తుంది.

వెన్న, మసాలా, పండ్లు తప్ప మిగతావన్నీ కలిపి పదిహేను నిమిషాలు ఆపి, తర్వాత పిసకండి. మొదట చేతికి అంటుకుంటుంది, పొడి పిండి చల్లే తొందర పడకండి. బొబ్బట్ల పైపొరకు కలిపే పిండి ఎంత మెత్తగా, సాగుతూ ఉంటుందో ఇదీ అలాగే ఉండాలి, పూరీ పిండిలా గట్టిగా ఉండకూడదు. ఐదారు నిమిషాలయ్యాక మెత్తబడిన వెన్నలో మసాలా పొడి కలిపి, కొంచెం కొంచెంగా పిండిలో చేర్చండి. మసాలాను ఇలా ఆలస్యంగా వేయడానికి కారణం ఉంది. దాల్చినచెక్కకు ఆ వాసననిచ్చే పదార్థమే ఈస్టు జోరును తగ్గిస్తుంది. మన బజారులో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా అమ్మే మందపాటి చెక్కలో అది మరీ ఎక్కువ. అందుకే వాసన బాగుందని ఇంకో చెంచా వేస్తే బన్ను పొంగదు. వెన్న పడ్డాక మళ్లీ ఎనిమిది, పది నిమిషాలు పిసకాలి. కొద్దిగా పిండి తీసి రెండు చేతుల వేళ్లతో సాగదీసి చూడండి. చిరగకుండా, వెలుతురు కనిపించేంత పలుచటి పొరగా సాగితే చాలు. అప్పుడు ఎండుద్రాక్ష, నారింజ తొక్క వేసి, నలగకుండా మడతపెడుతూ కలపండి. మొదటే వేస్తే పండ్లు చితికి పిండి నల్లబడుతుంది, సాగే గుణమూ దెబ్బతింటుంది.

గిన్నెలో పెట్టి తడిబట్ట కప్పి ఉంచితే మన వేసవిలో గంటలోపే రెట్టింపవుతుంది. గడియారాన్ని కాదు, పిండినే చూడండి. వేలితో నొక్కితే గుంట నెమ్మదిగా, సగం మాత్రమే పైకి రావాలి. అప్పుడు గాలి దించి పన్నెండు భాగాలు చేయండి, ఒక్కొక్కటి 90 గ్రాములకు అటూ ఇటూ వస్తుంది. బయటికి కనిపించే ఎండుద్రాక్షను లోపలికి తోసి గుండ్రంగా చుట్టండి. పైన ఉన్నది మాడి చేదెక్కుతుంది. వెన్న రాసిన పళ్లెంలో వేలెడు ఎడంతో పేర్చి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచేయండి. రాత్రంతా అక్కడే. ఆ చలిలో ఈస్టు నిదానంగా పనిచేస్తుంది, రుచీ ముదురుతుంది. మీరు గురువారం రాత్రి ఆరాధనకు వెళ్లి రావచ్చు, పడుకోవచ్చు.

శుక్రవారం పొద్దున ఆరింటికి బయటికి తీయండి. ముప్పావు గంట, గంటలో అవి ఉబ్బి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఈలోగా సిలువకు పిండి కలపండి. 75 గ్రాముల మైదాలో ఐదు పెద్ద చెంచాల నీళ్లు కొంచెం కొంచెంగా పోస్తూ, ఉండలు లేకుండా జంతికల పిండికన్నా పలుచగా, దోసెపిండికన్నా చిక్కగా చేయాలి. పాల ప్యాకెట్టు కవరును శుభ్రంగా కడిగి, అందులో పోసి, మెహందీ కోను లాగా మూల చిన్నగా కత్తిరించండి. ముందు వరుస పొడవునా ఒకే గీత లాగండి, తర్వాత అడ్డంగా. ఒక్కో బన్నుకు విడివిడిగా గీయడం కన్నా ఇది తేలిక, గీతలూ తిన్నగా వస్తాయి. పంచదార ఐసింగుతో సిలువ పెట్టేవాళ్లున్నారు. ఆ తీపి నాకు ఆ రోజుకు తగినట్టు అనిపించదు. ఉత్త పిండి, నీళ్లు చాలు. దానికి రుచి ఉండదు, ఉండక్కర్లేదు కూడా.

ఓవెన్ 200 డిగ్రీల సెంటీగ్రేడ్‌కు ముందే వేడెక్కి ఉండాలి. పద్ధెనిమిది నుంచి ఇరవై నిమిషాలు. చిన్న ఓటీజీలో పై కడ్డీ దగ్గరగా ఉంటుంది కాబట్టి పన్నెండు నిమిషాలయ్యాక ఒకసారి చూసి, పైన ఎర్రబడుతుంటే అల్యూమినియం రేకు కప్పండి. సిలువ తెల్లగానే ఉండాలి, చుట్టూ బన్ను చిక్కటి టీ రంగుకు రావాలి. ఓవెన్ లేనివాళ్లు మందపాటి పెద్ద గిన్నెలో ఇసుక పరిచి వేడిచేసి, లోపల స్టాండు మీద పళ్లెం పెట్టి, మూతపెట్టి అరగంట పైగా కాల్చవచ్చు. పైభాగం ఎర్రబడదు గానీ లోపల బాగానే ఉడుకుతుంది. అలా చేసేటప్పుడు పిండి గీతల కన్నా సెయింట్ ఆల్బన్స్ పద్ధతిలో కత్తి గాటే మేలు, లేత రంగు బన్ను మీద అది స్పష్టంగా కనిపిస్తుంది.

బయటికి తీసిన వెంటనే, వేడి మీదే, ఇందాక దాచమన్న నారింజ పాకాన్ని కుంచెతో రెండుసార్లు పూయండి. మెరుపు వస్తుంది, పైపొర మెత్తబడుతుంది.

వేళ సంగతి కూడా చెప్పాలి. మన సంఘాల్లో చాలామంది శుక్రవారం మధ్యాహ్నం మూడు వరకు ఉపవాసం ఉంటారు. పన్నెండు నుంచి మూడు వరకు ఆరాధన. పొద్దున కాల్చిన బన్నులు అప్పటికి చల్లారి ఉంటాయి. ఇల్లంతా ఆ వాసన కమ్ముకుని ఉండగా ముట్టుకోకుండా మందిరానికి వెళ్లడం పిల్లలకు కష్టమే, పెద్దలకూ కష్టమే. అలా ఆగడం కూడా ఆ రోజులో భాగమేనని నేననుకుంటాను. తిరిగి వచ్చాక పెనం మీద ఒక నిమిషం వెచ్చబెట్టి, మధ్యకు విరిచి కొంచెం వెన్న రాసుకుని, పాలు లేని టీతో తిని ఉపవాసం విడవండి. ఉపవాసం లేని పసిపిల్లలకు, మందులు వేసుకునే పెద్దవాళ్లకు మాత్రం పొద్దున్నే పెట్టేయండి.

పిండి పొంగే సమయం ఏటా ఒకేలా ఉండదు. ఈస్టరు తేదీ చంద్రుణ్ని బట్టి మారుతుందని మీకు తెలుసు. మార్చి 21 నాడు గానీ, ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం. అందుకే మార్చి 22కు, ఏప్రిల్ 25కు మధ్య ఎప్పుడైనా రావచ్చు. కొన్నేళ్లు హోలీ పున్నమి తర్వాత వస్తుంది, కొన్నేళ్లు ఉగాది దాటి చైత్ర పున్నమి తర్వాత వస్తుంది. మార్చిలో వచ్చిన ఏడు పిండి పొంగడానికి గంటంబావు పట్టవచ్చు, ఏప్రిల్ చివర వస్తే ముప్పావు గంట చాలు. ఈస్టు కొలత మార్చకండి, కనిపెట్టుకుని ఉండండి.

పన్నెండు బన్నులు ఒక్క ఇంటికి ఎక్కువే. నాలుగైదు పక్కింటివాళ్లకు, ఆ రోజు కూడా పనిలోకి వచ్చినవాళ్లకు పంపండి. శనివారానికి మిగిలినవాటిని అడ్డంగా కోసి, పెనం మీద వెన్నతో కాల్చుకుంటే మొదటి రోజు కన్నా బాగుంటాయని మా ఇంట్లో అందరి మాట. మన వేడికి బయట రెండు రోజులకు మించి ఉంచవద్దు. డబ్బాలో పెట్టి డీప్ ఫ్రీజర్‌లో ఉంచితే నెల రోజులు నిలుస్తాయి. సోమవారానికి రెండు మూడు గట్టిపడి మిగిలితే ముక్కలు చేసి, పాలు, గుడ్డు, కొంచెం బెల్లం గిలకొట్టి వాటి మీద పోసి, అరగంట నాననిచ్చి, కుక్కర్‌లో విజిల్ లేకుండా ఇరవై ఐదు నిమిషాలు ఆవిరి మీద ఉడికించండి. మసాలా, పండ్లు అందులో ఉన్నవే కాబట్టి ఆ పుడ్డింగుకు ఇంకేమీ వేయనక్కర్లేదు.